బొటనవేలి కొలువు

తెల్లవారుఝామున నాలుగున్నరకి నా బల్ల మీద దీపం.
రెండు వందల వాట్లు. ఎడమ చెంప కాలుతుంటుంది.
బయట ఉత్తర సముద్రం గాలి,
రేకుల మీద పిడికిళ్ళతో కొడుతూ.

ట్రే వస్తుంది. వంద పిల్లలు.
నిన్నటిదాకా పెంకులో ఉన్నవి,
తడి ఆరీ ఆరని పసుపు.
ఒకదాన్ని ఎత్తుతాను.
నలభై గ్రాములు, అందులో సగం గుండెదడే.
పొట్ట మెత్తగా నొక్కితే రెట్ట డబ్బాలో పడుతుంది.
తోక కింద బొటనవేలితో విప్పితే
గసగసాల గింజంత బుడిపె.
ఉంటే కుడి. లేకపోతే ఎడమ.

చూడటం అనకూడదు దీన్ని.
కన్ను చెప్పేలోపే చెయ్యి వదిలేసి ఉంటుంది.
నగోయాలో నేర్పిన మొరిహాషి సాన్ అనేవారు:
"ఆలోచించావా, తప్పావే."
గంటకి వెయ్యి.
వందకి రెండు తప్పులదాకా ఊరుకుంటారు,
మూడోదానికి జీతం కోస్తారు.

ఎడమ పెట్టెలు లారీ ఎక్కుతాయి.
నాలుగున్నర నెలలకి గుడ్డు, తర్వాత దాదాపు రోజుకో గుడ్డు,
ఈ దేశమంతా ఉదయం పూట చెంచాతో పెంకు కొడుతుంది.
కుడి పట్టా గోడలో కంత గుండా వెళ్తుంది.
గోడ అవతల ఏదో బుస్సుమంటుంది.
ముప్పై ఒక్క ఏళ్ళు.
గోడ అవతలికి వెళ్ళలేదు నేను.
మరుగుదొడ్డి అటువైపే దగ్గర.
ఆఫీసు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని,
వానలో కూడా.
ఎందుకని ఎవరూ అడగలేదు.

రాత్రి నిద్రలో వేలు తెరుస్తుంది, మూస్తుంది.
ఫోల్కెర్ట్ నా చెయ్యి పట్టుకుని
"హిసానో, ఇవాళ ఆదివారం" అంటాడు.
పగలంతా పడవలకి తాళ్ళు కట్టే చెయ్యి, బరువుగా ఉంటుంది.

ఒక అక్టోబరులో టియార్క్స్ అనే రైతు వచ్చాడు,
చంకలో అట్టపెట్టె, పెట్టెకి బెజ్జాలు.
"అమ్మా, ఇది మీ తప్పు" అని మూత తీశాడు.
తెల్లటి ఒళ్ళు. ఎర్రటి జుట్టు, ఒక పక్కకి వాలి.
"ఆరువేల పెట్టల మధ్య వీడొక్కడు!
మూడింటికే కూత.
మా ఆవిడ పేరు కూడా పెట్టేసింది, ఇక కొయ్యలేను.
డబ్బులేం వద్దు.
ఏ చెయ్యి జారిందో చూసిపోదామని."

నా చెయ్యి చూశాడు.
పుంజూ చూసింది, మెడ తిప్పి, ఒంటికంటితో.
ఏమనాలో తోచక నడుం వంచి క్షమించమన్నాను,
మా వైపు పద్ధతిలో, బాగా కిందికి.
ఎవరికి వంగానో ఇప్పటికీ తేలలేదు.

ఆ నెల పన్నెండు యూరోలు కోశారు.
ఆ చీటీ దాచుకున్నాను.

తర్వాత చట్టం వచ్చింది.
ఇప్పుడు తొమ్మిదో రోజునే గుడ్డుకి సూదిమొనంత రంధ్రం,
ఒక చుక్క, ఒక రంగు.
మగదని తేలితే పొదగరు, పిండి చేస్తారు.
మంచిదే. అందరికంటే ముందు నేనే అన్నాను, మంచిదేనని.
యంత్రం నడిపే పిల్ల వీబ్కె, ఇరవై నాలుగేళ్ళు,
గోళ్ళకి నీలం రంగు.
"ఇది తప్పు చెయ్యదా?" అని అడిగాను.
"చేస్తుందండీ, వందకి ఒకటో రెండో.
మీలాగే" అంది.
ఎందుకో ప్రాణం కాస్త కుదుటపడింది.

చివరి రోజు కేకు కోశారు, కాగితం ఇచ్చారు:
నాలుగు కోట్ల అరవై లక్షల పిల్లలు, ధన్యవాదాలు.
బస్సులో సగం చెయ్యబోయాను.
రెండు స్టాపులు దాటినా లెక్క తెగలేదు.
వందకి రెండు చొప్పున తీద్దామనుకున్నాను,
అదీ తెగలేదు.

దీపం మాత్రం అడిగి తెచ్చుకున్నాను.
వంటింటి బల్లకి బిగించాడు ఫోల్కెర్ట్.
దాని కింద బఠాణీలు ఒలుస్తాను.
వేలు ఊరుకోదు, ఎడమకి కొన్ని, కుడికి కొన్ని.
అతను ఏమీ అనడు.
రెండు కుప్పలూ అరచేత్తో ఊడ్చి
ఒకే గిన్నెలో పోస్తాడు.