తేమ మిషన్

యాసంగి వడ్లు సెంటర్‌కొచ్చినయి.
నేను లెక్క రాసే మనిషిని,
మా మహిళా సంఘం పెట్టిన కొనుగోలు కేంద్రంల.
ప్లాస్టిక్ కుర్చీ, కుంటి బల్ల,
కార్బన్ పేపర్లు, గన్నీ సంచుల కట్టలు,
చేతిల ఇమిడే తేమ మిషన్.

పరకాల రోడ్డు పొడుగూతా
సగం తారు మీద వడ్లే.
బస్సు డ్రైవరు తిట్టుకుంటనే పక్కకు తిప్పుతడు,
వాళ్ళ నాయినవి కూడా ఎక్కడో
ఇట్లనే ఆరుతుండొచ్చు.

కొంరవ్వది పదకొండో రోజు కాపలా.
మొదటి రోజు మిషన్ ఇరవై రెండు చూపించింది,
పదిహేడుకు దిగాలె.
కుప్పల కాళ్ళతోనే సాళ్ళు తీస్తది
పొద్దుకు రెండుసార్లు అటు, రెండుసార్లు ఇటు.
మొగులైతే చాలు
టార్పాలిన్ గుంజి నాలుగు మూలల రాళ్ళు పెడ్తది,
తను మాత్రం బయటనే కూసుంటది.
టార్పాలిన్ కిరాయి రోజుకు ఇరవై.
అది ఏ రిజిస్టర్లకూ ఎక్కది.

నా రిజిస్టర్ల తొమ్మిది గడులు.
మొదటిది పట్టాదారు పేరు,
రెండోది పాసుబుక్కు నంబరు.
దున్నినోళ్ళకు గడి లేదు.
అట్ట తిరగేసి కూడా వెతికిన.

మూడెకరాల పది గుంటల పంట కొంరవ్వది,
హన్మకొండ నయీంనగర్ల ఉండే
జనార్దన్‌రావు పేరు మీద రాస్త.
ఆయన చెడ్డోడేం కాదు.
పెట్టుబడి సాయం పడ్డ రోజు ఫోను టింగుమంటే
ఇవి ఏం పైసలని బ్యాంకుకే ఫోన్ చేసి అడిగిండట.
ఆ ముచ్చట ఆయనే చెప్పిండు, నవ్వుకుంట.
కొంరవ్వ కూడా నవ్వింది.
కౌలు ముందే కట్టింది,
చెవుల కమ్మలు కుదువ పెట్టి.

పోయిన వానాకాలం కొత్త ఫారం వచ్చింది.
అండ్ల ఉన్నది గడి! సాగు చేయువారు అని.
నేను పెన్ను మూత తీసిన.
కింద సన్న అక్షరాలు:
భూ యజమాని సంతకం తప్పనిసరి.
కొంరవ్వ ఆ కాయితం మడిచి కొంగున కట్టుకొని
హన్మకొండ పోయింది,
మడత విప్పకుండనే సాయంత్రం బస్సుకొచ్చింది.
అడిగినవా?
అడిగితే కౌలు తీస్తరేమో పిల్లా.
చాయ పోసిండ్రు, తాగొచ్చిన.

పథకాలు రాసేటోళ్ళు ఒక్క వారం
నా కుర్చీల కూసోవాలె.
వడ్ల పైసలు పడితే ఊరు ఎట్ల కదులుతదో చూడాలె.
మొదలు ఎరువుల దుకాణంల పాత ఖాతా కొట్టేస్తరు,
మర్నాటి నుంచి దర్జీ యాకూబు మిషన్ రాత్రి పదైనా ఆగది,
సగంల ఆగిన గోడకు
మేస్త్రీ నర్సింగం మళ్ళా దారం పడ్తడు,
సోమారం అంగట్ల చాపల రేటు పెరుగుతది.
లారీ నాలుగొద్దులు రాలేదనుకో,
యాకూబు గడప మీద కూసోని గుండీలు లెక్కపెడ్తడు.

ఇగ కొంరవ్వ పైసలంటరా,
ముందు హన్మకొండ పోతయి,
అక్కడ నిద్ర చేస్తయి,
ఆయనకు వీలైన ఆదివారం ఊరికొస్తయి.

ఇయ్యాల పొద్దున్నే పిడికెడు వడ్లు తెచ్చింది.
మిషన్ గిన్నెల పోసిన, మూత తిప్పిన.
అది పాసుబుక్కు అడగలే,
సంతకం అడగలే,
ఎవరి భూమి అని కూడా అడగలే.
గింజను నలిపి, కొంచెం సోంచాయించి
పదహారు పాయింట్ తొమ్మిది అన్నది.

సర్కారు మా ఊరికి పంపిన వాటిల
గింజ మొఖం చూసి మాట్లాడేది ఇదొక్కటే.

రాసిన. మొదటి గడిల జనార్దన్‌రావు.
గీతకవతల, అంచు మీద, పెన్సిలుతోని
కొంరవ్వ.
ఇట్ల రాయబట్టి ఇది మూడో రిజిస్టర్.
ఎవరన్న అడిగితే చూపిద్దామని.
ఇంకా ఎవరూ అడగలే.

ఎండ ఎక్కుతున్నది.
ఆమె అప్పుడే సంచి ముందట కూసోని
దబ్బనానికి పురికోస ఎక్కిస్తున్నది.