మూడుకాళ్ల కుక్క

సాయంత్రం ఆరింటికి పిల్లలు వెళ్లిపోయాక
ఆ గది నాది.
చీపురు, బక్కెట్, తడిగుడ్డ.
గోడకి అతికించిన ఒక ఫోటో:
ఏ బొమ్మ ఏ అరలో, ఎటు చూస్తూ ఉండాలో.
ఏనుగు కిటికీ వైపు.
అంబులెన్స్ రెండో అరలో, ముక్కు బయటికి.
మొసలి అన్నిటికన్నా కింద, చిన్న చేతికి అందేలా.

"పోయినవారం వదిలిన చోటే మళ్లీ దొరకాలి, ఒర్తెన్సియా.
ఈ పిల్లలకి అలా దొరికేవి ఎన్నని?"
చేరిన రోజున యస్నా అంది.
తలూపాను,
జీతం ఏ తారీకున ఇస్తారో అడగాలనుకుంటూ.

ఫిబ్రవరిలో గాలి తిరిగి
యూకలిప్టస్ చెట్లు బుస్సున అంటుకున్న రాత్రి
వల్పరైసోలో మా కొండ సగం
చెప్పుల్లేకుండా కిందికి దిగింది.
ఆ సగంలో నేనున్నాను.
రయేన్ కూడా ఉండే ఉంటుంది.
ఆరేళ్లది. గురువారం నాలుగింటి పిల్ల.
దాని మొహం నేనెప్పుడూ చూడలేదు.
ఇసుకలో చూశాను.

తొట్టి అడుగున నీలంరంగు వేసి ఉంటుంది,
తవ్వితే నీళ్లు కనపడాలని.
రయేన్ తవ్వదు. పూడుస్తుంది.
మొదటివారం ఫైరింజను.
రెండోవారం ఫైరింజను, అంబులెన్స్, పోలీసు.
వేళ్లతో దేవులాడి పైకి తీసి
చక్రాల్లో ఇసుక ఊదేదాన్ని.
ఆలస్యంగా వచ్చినవాళ్లకి శిక్ష కాబోలనుకున్నాను.
అనుకుంటే నాకూ కాస్త హాయిగానే ఉంది.
దాచడం దేనికి.

తర్వాత కుక్క మొదలైంది.
గోధుమరంగు ప్లాస్టిక్ కుక్క, వెనక కుడికాలు లేదు,
ఏ పిల్లాడు ఎప్పుడు కొరికాడో.
ప్రతి గురువారం దానికి కట్టు.
ఒకసారి టిష్యూ కాగితం, ఒకసారి ఎర్ర రిబ్బను,
ఒకసారి బొమ్మ టీకప్పులో
లేని కాలు ముంచి ఉంది.

నాది జాలిగుండె. అక్కడే వచ్చింది చిక్కు.
ఇంటికి పట్టుకెళ్లి
అగ్గిపుల్ల చెక్కి, జిగురు పెట్టి, రంగు వేసి
నాలుగుకాళ్ల మీద నిలబెట్టి తెచ్చాను.

ఆ గురువారం ఇసుక చదునుగా ఉంది.
ఒక్క వేలిముద్ర లేదు.
యస్నా కేకలెయ్యలేదు. వేస్తే బాగుండేది.
"ముప్పావుగంట దాన్ని ఒళ్లో పెట్టుకుని కూచుంది.
పోతూ పోతూ అడిగింది:
నాకు చెప్పకుండా ఎవరు బాగుచేశారు?"

"పీకెయ్యనా?"
"వద్దు. అది దాని పని."

విసురుగా ఊడ్చాను ఆ పూట.
బస్సు కొండెక్కుతుంటే గుర్తొచ్చింది
నాకిచ్చిన కొత్త ఇల్లు, తెల్లగోడలు,
సరిగ్గా మూసుకునే తలుపు,
వచ్చినవాళ్లంతా
"ఇంక అంతా బాగైపోయిందిగా" అంటుంటే
నవ్వుతూ నేను టీ పోసిన సంగతి.

పై గురువారం
అగ్గిపుల్ల రెండు ముక్కలై ఇసుకలో దొరికింది.
కుక్కకి కట్టు. కట్టు మీద ఇంకో కట్టు.
నా ప్రాణం కుదుటపడింది.

చలి వచ్చింది. రేవులో పొగమంచు.
జూన్లో ఒకరోజు
తొట్టిలో నీలం బయటపడి ఉంది,
అరచెయ్యంత.
ఒడ్డున కుక్క, మూడుకాళ్ల మీదే,
కట్టు లేకుండా, నీళ్లలోకి మూతి పెట్టి.
ఫైరింజన్ని సగమే పూడ్చింది,
నిచ్చెన పైకి లేచి ఉంది.

ఫోటో వంక చూశాను. చెయ్యి రాలేదు.
కానీ శుక్రవారం పదింటికి బల్తసార్ వస్తాడు,
వాడి మొసలికి ఇసుక చదునుగా ఉండాలి.
అన్నీ తీశాను. తుడిచాను. కుక్క దాని అరలోకి.

దీపం ఆర్పబోతూ
పిల్లల పీట మీద కూలబడ్డాను,
మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.
అరల్లో రేకుల ఇల్లు కోసం వెతికాను.
లేదు.
జేబులో అగ్గిపెట్టె ఉంది.
ఇసుకలో నిలబెట్టాను,
తలుపనుకున్న వైపు సముద్రానికి తిప్పి.

ఆ పావుగంట
పని లెక్కలో రాసుకోలేదు.