నాలుగో గొంతు

మానుస్ మామ గారేజీకి తలుపు లేదు,
చేపల లారీ మీంచి ఊడదీసిన నీలం టార్పాలిన్ ఉంది.
డోనెగాల్ గాలి దాన్ని ఎత్తినప్పుడల్లా
ఎర్రిగల్ కొండ ఒక్క క్షణం లోపలికి తొంగిచూసి పోతుంది.

లోపల, స్టాండ్ల మీద, బానెట్ విప్పుకున్న కరోలా.
ఎనభై ఆరు మోడల్, వెనక చక్రాలతో నడిచేది.
"ఇన్నాళ్లూ దీనిది ఉమ్మడి కాపురం, ఏథ్నా," అన్నాడు మామ.
"గుమ్మం ఒక్కటే, ఆకలిగొన్నవాళ్లు నలుగురు.
వచ్చిన గాలి ఎవరికి ముందు దక్కితే వాళ్లు మింగేవాళ్లు.
ఇవాళ వేరు పెడుతున్నాం."

పాత మానిఫోల్డు ఊడొచ్చింది,
ఎనిమిది నట్లు, రెండు తిట్లు.
తొమ్మిదో నట్టు స్టడ్డుతో సహా వచ్చేసింది,
దానికి తిట్టు కూడా దొరకలేదు.

కొత్తవి అంటే కొత్తవి కావు.
బెల్‌ఫాస్ట్‌లో ఎవడో గోడకి గుద్దిన మోటార్‌సైకిల్ థ్రాటిళ్లు.
వాటి మధ్య ఎడం మా ఇంజనుకి కుదరదు.
రెండు వారాల రాత్రిళ్లు
కోశాం, జరిపాం, మళ్లీ అతికాం.
ఒక్కొక్క గొంతులో ఒక ఇత్తడి రెక్క.
దాన్ని బటర్‌ఫ్లై అంటారు గానీ
సీతాకోకచిలుక అంటే నేనొప్పుకోను.
అది ఎక్కడికీ ఎగరదు.
తన ఇరుసు మీద తనే ఒత్తిగిలి
కాస్త దారి ఇస్తుంది, అంతే.

మొదటిసారి తాళం తిప్పితే
ఇంజను దగ్గింది, ఎగిసింది, కుంగింది, ఎగిసింది.
ఎక్కడో దొంగగాలి.
జాయింట్ల వెంట క్లీనరు చిలకరిస్తూ పోయాను.
మూడో గొంతు మొదట్లో, రబ్బరు దగ్గర, శబ్దం మారింది.
క్లిప్పు బిగించాను. దొంగ నోరు మూసుకున్నాడు.

ఇక నాలుగింటినీ సమం చెయ్యాలి.
దానికి మీటర్లున్నాయి. మామకి వాటి మీద నమ్మకం లేదు.
మూరెడు రబ్బరు గొట్టం,
ఒక కొస ట్రంపెట్ నోట్లో, ఇంకో కొస చెవిలో.
మొదటిది విన్నాడు.
రెండోది విన్నాడు, స్క్రూ పావు చుట్టు తిప్పాడు.
మూడోది.
నాలుగో దగ్గర ఆగాడు.
గొట్టం ఎడమ చెవి నుంచి కుడి చెవికి మార్చాడు.
మళ్లీ ఎడమకి.

"గాలి గోలగా ఉందివాళ," అన్నాడు.
"ఉంది మరి," అన్నాను.
టార్పాలిన్ కదలడం లేదు.

గొట్టం అడిగి తీసుకున్నాను.
నాలుగోది సన్నగా పీలుస్తోంది,
పళ్ల సందున చల్లటి నీళ్లు తాగుతున్నట్టు.
కిల్లీబెగ్స్‌లో ఐసు యంత్రాల పక్కన పంతొమ్మిదేళ్లు.
సన్నటి శబ్దాలే
ముందుగా సెలవు తీసుకున్నట్టున్నాయి.

నేను వినడం, అతను తిప్పడం.
కొంచెం. ఇంకొంచెం. అయ్యో, ఎక్కువైంది, వెనక్కి.
అతను నా చెవిని చూడడు, స్క్రూనే చూస్తాడు.
నేను అతని చేతినే చూస్తాను.
ఎప్పుడో, ఏ పావు చుట్టులోనో,
నాలుగూ ఒకే ఊపిరి పీల్చాయి.
చెయ్యి ఎత్తాను. ఆపాడు.

తర్వాత లివర్ ఒక్కసారి లాగాడు చూడండి,
ఆ అరుపు అతనికి వినబడింది.
అది ఎవరికైనా వినబడుతుంది.
అవతలి బీడులో గొర్రెలన్నీ తలెత్తాయి,
ఒకటి తప్ప. అది మేస్తూనే ఉంది.

కారు బయటికి తీశాం.
గేటు దగ్గర బ్రేకు నొక్కితే పెడల్ రాయిలా నిలబడింది.
సర్వోకి వాక్యూమ్ గొట్టం పెట్టడం
ఇద్దరం మర్చిపోయాం.
హ్యాండ్‌బ్రేకు అందేలోగా
బొనార్ గారి కంచె రెండు కర్రలు పోయాయి.

మామ దిగి కర్రలు చూశాడు, ఇంజను చూశాడు.
"వేరుపడితే పడ్డారు," అన్నాడు,
"బండి ఆగాలంటే మాత్రం
నలుగురి దగ్గరా తలా ఇంత వసూలు చెయ్యాల్సిందే.
నాలుగు సన్నగొట్టాలు, ఒక చిన్న డబ్బా. రేపు."

వాన మొదలైంది. బానెట్ మూశాను.
కుడి చెవి నావైపు తిప్పి
"ఏమన్నావ్?" అన్నాడు.
నేనింకా ఏమీ అనలేదు.