అడ్డగీత

పుట నడుమ పద్యం.
దాని చుట్టూ మూడు వైపులా వ్యాఖ్యానం,
రేవులో చోటు కోసం ఒరుసుకునే పడవల్లా.
కాన్‌స్టాంటినోపుల్ చలికి సిరా చిక్కబడుతోంది.
నేను గీసిన గళ్ళలో కూర్చుని
వెయ్యేళ్ళ కిందటి పండితులు ఇంకా తగువులాడుతున్నారు:

రాయైపోయిన ఆ తల్లికి పిల్లలెందరు?
పన్నెండుగురని ఒకాయన.
పద్నాలుగని మరొకాయన, ఆధారాలతో.
ఇరవై అంటాడు మూడోవాడు,
ఎవరి దగ్గర విన్నాడో చెప్పడు.
ఒక్కపూటలో అందర్నీ బాణాలతో కూల్చిన దేవతల లెక్క మాత్రం
ఎవరూ తప్పుపట్టలేదు: ఇద్దరు.

నాకు ముగ్గురు.
మొన్న ద్రాక్షలు తొక్కే నెలలో, జ్వరంలో.
చిన్నదానికి యూప్రాక్సియా అనడానికి నోరు తిరగక
తన్ను తాను ప్రాక్సా అనుకునేది.

దక్షిణాన, సముద్రం దాటితే
ఆ బండ ఇప్పటికీ ఉందని ఇంకో వ్యాఖ్య.
దూరం నుంచి తలవంచుకున్న ఆడమనిషి,
దగ్గరికెళితే ఉత్త రాయి అట.
మా ఇంట్లో ఇది తలకిందులు.

ఈ ఉదయం ఆ పాదం దగ్గరికొచ్చాను.
ఏడ్చి ఏడ్చి అలిసి
ఆ తల్లి తిండి తలుచుకున్న చోటు.
ఎడమ అంచున అడ్డగీత, అనుమానం గుర్తు,
అలెగ్జాండ్రియాలో ఎవరో పెట్టింది.
కింద వివరణ: ఇది ప్రక్షిప్తం.
రాయికి ఆకలి వేయదు.
పైగా అంతటి శోకంలో భోజనం మాట హాస్యాస్పదం.

నాలుగోనాడు అనస్తాసో
ఎవరూ చెప్పకుండానే లేచి పొయ్యి రాజేసింది.
మసూరు పప్పు, బార్లీ రొట్టె.
ఐదు గిన్నెలు దించి
మూడు తిరిగి పైన పెట్టింది.
తిన్నాం.
ఉప్పు తక్కువైందన్నాను.
అన్నాక సిగ్గుతో చచ్చిపోయాను.
ఆమె ఏమీ అనకుండా ఉప్పు తెచ్చి వేసింది,
తన గిన్నెలో కూడా.

కడుపుకోత కోసిన చోటే
కడుపు కాలుతుంది కూడా.
ఆ రెంటికీ వేరు ఇళ్ళు లేవు.

నేను కూలికి రాసేవాణ్ణి.
తప్పుంటే తప్పుతోనే దించాలి;
మఠంలో స్టిలియానోస్ అక్షరం అక్షరం సరిచూస్తాడు.
గీత పెట్టాను.
వివరణంతా ఎక్కించాను, హాస్యాస్పదంతో సహా.
ఆ కింద, పురుగు తొలిచిన చిల్లి పక్కన
మిగిలిన గోరంత జాగాలో,
ఈగ కాలంత అక్షరాలతో:

తింది. ఉప్పు అడిగింది కూడా.