రెండు గజాలు

ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు.
గుణిస్తే పద్దెనిమిది, గజాల్లో రెండు.
డాక్‌యార్డు స్టోర్సులో ఇరవై ఆరేళ్ళు
బోల్టులూ మోకులూ లెక్కపెట్టిన చేత్తో
ఇప్పుడు మనిషికెంత నేల పడుతుందో లెక్క వేస్తున్నాను.

మల్కాపురం దాటాక, కొండ మొదట్లో
మాజీ నావికుల శ్మశానం నిండిపోయింది.
శిలువ ఉన్నవాళ్ళు, నెలవంక ఉన్నవాళ్ళు,
ఏదీ వద్దని లంగరు బొమ్మ చెక్కించుకున్నవాళ్ళు.
మొన్న సాల్మన్‌ని దించేటప్పుడు
పక్కవాడి కాళ్ళకి తగలకుండా
కాస్త ఐమూలగా తవ్వాల్సొచ్చింది.
"సబ్‌మెరైన్లోనూ ఇంతే కదరా,
ఒకడు డ్యూటీకి లేస్తే అదే పక్కలో ఇంకొకడు,
వెచ్చదనం ఆరేది కాదు" అన్నాడు జోగారావు.
ఎవరం నవ్వలేదు.
తర్వాత టీ కొట్టు దగ్గర నవ్వాం, చాలాసేపు.

గోడవతల జీడితోట, పన్నెండు సెంట్లు.
మేం ఏడుగురం. అందరి మోకాళ్ళూ కలిపితే
సరిగా పనిచేసేవి ఐదు.
పెన్షను రోజున బ్యాంకు గుమ్మంలో,
ఆదివారం పూర్ణా మార్కెట్లో చేపల వరస చివర,
రసీదు పుస్తకం, కార్బన్ కాగితం, ఒక బిస్కెట్ డబ్బా.
"సచ్చిపోనాక సోటుకి ఇప్పుడే అడ్వాన్సేటి తాతా?"
ఫోన్లోంచి తలెత్తకుండా ఒక గుంటడు అన్నాడు.
అని, యాభై వేశాడు.
రొయ్యలమ్మే ఆవిడ తడి నోటిచ్చింది.
ఆమె పేరు రాసిన చోట సిరా పాకి
నీళ్ళ అడుగునుంచి చదువుతున్నట్టుంది.

ఒకాయన కారద్దం దించి అడిగాడు:
"మీరు యుద్ధం చేశారా?"
"వంట చేశాను" అన్నాడు అప్పలస్వామి,
"మూడొందల మందికి, ఓడ అటూ ఇటూ ఒరుగుతుంటే,
పప్పు ఒలకకుండా."
అద్దం పైకెళ్ళింది.
ఆ సంగతీ పద్దులో రాశాను,
మొత్తం గడిలో సున్నా చుట్టి.

తోట నూకరత్నానిది.
అపార్టుమెంట్లవాళ్ళు రెట్టింపు ఇస్తామని
రెండుసార్లు స్వీట్లు పట్టుకొచ్చారట.
మాకు అవే పెట్టింది.
"డబ్బులు మెల్లగా ఇద్దురుగాని బాబూ.
మావోడికి మీ గోడ నోపల ఒక సోటు కావాల."
ఎక్కడున్నాడమ్మా అన్నాను.
ఆమె చెయ్యి యారాడ కొండ మీదుగా లేచింది,
అవతలి వైపుకి.
వేటకెళ్ళిన బోటు. పదకొండేళ్ళు.
"ఆడి సొక్కా ఒకటుంది" అంది.

మా నిబంధనల్లో మూడోది:
సర్వీసు నంబరు లేనివారికి స్థలం లేదు.
రాసింది నేనే.
మూడు సాయంత్రాలు వాదించుకున్నాం.
ఒకటి ఒప్పుకుంటే రేపు ఊరంతా వస్తుందని ఒకరు,
ఆ ధరకి ఇంకెవరిస్తారని ఒకరు,
అది బేరంలా మాట్లాడకండని ఇంకొకరు.
జోగారావు విసురుగా లేచి వెళ్ళిపోయాడు,
చెప్పులు మర్చిపోయి.
పది నిమిషాలకి చెప్పుల కోసం వచ్చి
గుమ్మంలోనే నిలబడి అడిగాడు:
"బోటుకి నంబరుండేదా?"

ఉండేది. ముక్కు మీద, తెల్ల రంగుతో.
నూకరత్నానికి చదువు రాదు,
ఆ నంబరు మాత్రం వేలితో గాల్లో రాసి చూపించింది.
సర్వీసు నంబరు గడిలో అదే ఎక్కించాను.
గడి చిన్నది, చివరి అంకె గీత దాటింది.

ఇంకా పంతొమ్మిది లక్షలు తక్కువ.
రేపు కంచరపాలెం, ఎల్లుండి గాజువాక.
వానొచ్చేలా ఉంది,
కార్బన్లు పాల కవర్లో చుట్టి పెట్టాను.

ఒక చొక్కాకి రెండు గజాలు అక్కర్లేదు, తెలుసు.
అయినా ఈ పొద్దున ఒక్కణ్ణే వెళ్ళి
మూలనున్న జీడిచెట్టు పక్కన
ఆరడుగులూ, మూడడుగులూ
టేపు బిగువుగా పట్టి
సున్నంతో గీసి వచ్చాను.