ఒంటికాలి సిద

దింపుకెక్కినప్పుడు కిందికి చూడకూడదంటాడు లోవరాజు.
నేను చూస్తాను.
గంగలకుర్రులో, కౌశిక గట్టు తోటలో
కొబ్బరి మొవ్వుల కింద కోకో నీడ,
ఆ నీడలో ఎండుటాకులు వాటంతటవే తిరగబడతాయి.
గాలి లేదు. సిద పిట్టలు.

మట్టి రంగు ఒళ్లు, పసుప్పచ్చ ముక్కు,
రాత్రంతా చెరువుకి కాపలా కాసినట్టు తెల్లబోయిన కళ్లు.
ఒకటి గెంతితే అన్నీ గెంతుతాయి.
ఒకటి తిడితే అన్నీ తిడతాయి,
కుళాయి దగ్గర ఎవరో బిందె జరిపినంత గోల.
కానీ ఎప్పుడూ ఒకటి మేత మానుకుని
దబ్బచెట్టు చివరన మెడ తిప్పుతుంటుంది.
జాలెడేగ నీడ నా వీపు దాటకముందే
దాని కేక నాకు అందుతుంది.
కింద ఆకులన్నీ ఒక్కసారిగా ఆకులైపోతాయి.

గూడు ఆ దబ్బచెట్టులోనే.
గుడ్లు మూడు,
మందు కొట్టేరోజు డ్రమ్ములో కలిపిన మైలుతుత్తం రంగు.
పిల్లలయ్యాక, తల్లి ఎవరో కనిపెడదామని
వారం రోజులు మధ్యాహ్నం అన్నం అక్కడే తిన్నాను.
పురుగు తెచ్చేవి ఆరు.
ఆరూ తల్లిలాగే వస్తాయి,
ఆరూ తల్లిలాగే రెట్ట మోసుకుపోతాయి.

ఒక్కదాన్నే గుర్తుపట్టగలను.
రొయ్యల చెరువు మీద కట్టిన దారం
దాని ఎడమకాలు తీసుకుంది.
సరిగ్గా గెంతలేదు, దొర్లినట్టు వస్తుంది,
మిడతని మాత్రం జారనివ్వదు.
పోయినేడూ ఇదే పని. అంతకుముందేడూ.
దానికంటూ ఒక గుడ్డు ఉందో లేదో
అడిగే పిట్ట ఆ గుంపులో లేదు.

మా అక్క చంద్రకాంతం పిల్లల ఫీజు రసీదుల మీద
తండ్రి పేరుండే చోట నా సంతకం ఉంటుంది.
అది వేరే సంగతి.

తొలకరికి గూట్లో ఒక నోరు పెద్దదైంది.
నెత్తిన కుచ్చు లేచింది.
"చాతకంరా, ఎవరిదో గుడ్డు. తోసెయ్" అన్నాడు లోవరాజు
గెడకర్ర అందిస్తూ.
నేను కత్తి మొలలో దోపుకుని ఊరుకున్నాను.
ఒంటికాలిది మా ఇద్దరి మధ్య నుంచే ఎగిరొచ్చి
ఆ పెద్దనోట్లో గొల్లభామని కుక్కింది.

గూడు ఖాళీ అయిన సాయంత్రం చినుకులు పడ్డాయి.
కొమ్మ మీద ఒకదాన్నొకటి నొక్కుకుని కూర్చున్నాయి.
చివర ఉన్నది లేచి మధ్యలో దూరుతుంది,
మళ్లీ చివర ఇంకొకటి మిగులుతుంది.
ఒకటెవరో ఒంటికాలిదాని మెడ మీద ఈకలు సవరిస్తోంది.
కుచ్చుదీ అక్కడే, ఇరుక్కుని.

చీకటి పడేలోగా లెక్కపెట్టాను:
తొమ్మిది పిట్టలు,
పదిహేడు కాళ్లు.