ఎల్సీ

మీరు ఏ రంగు ఎక్కుతారు సార్, అనింది ఆ పిల్ల.
పసుపు చిన్నపిల్లలకంట, పచ్చ కొత్తోళ్ళకంట,
నీలం కొంచెం చెయ్యి తిరిగినోళ్ళకి,
నలుపు జోలికి ఇంకా ఎవరూ పోలేదంట.
ముప్పై నాలుగేళ్ళు స్తంభాలెక్కినోణ్ణి,
నాకు రంగేంది పాపా, అన్నా.
సుంకులమ్మ మోచేత్తో పొడిచింది.

కల్లూరు ఎస్టేట్లో ఇది పాత నూనెమిల్లు.
బాకీ కట్టలేదని దీనికి ఫ్యూజు పీకింది నేనే.
ఆ పొద్దు షావుకారు మజ్జిగ ఇప్పించినాడు,
తాగినాకే పీకినా.
ఇప్పుడు యంత్రాలున్న తావున పరుపులు,
శెనక్కాయ బస్తాలు ఆనించిన గోడకి ప్లాస్టిక్ రాళ్ళు,
బొప్పి కట్టిన నుదురు మాదిరి.
ఎంత రంగు పూసినా మూలల్లో చెక్కవాసన పోలేదు.

ఓర్వకల్లు దాకా ఊరికే ఎండుతున్న బండలుంటే
రెండొందల యాభై ఇచ్చి ప్లాస్టిక్ రాయి ఎక్కేదేందని
నేననలేదు. టికెట్టు చించినాక అనేదేముంది.
కాగితం చూపించి లాక్కొచ్చింది సుంకులమ్మే,
'ఏ వయసువాళ్ళయినా' అని రాసుంది చూడు,
మన గురించే, అని.
రిటైరయి నలభై దినాలు.
ఇంట్లో నేను అడ్డం కూచోని గడప లేదు.

బూట్లు ఇరుకు. నడుముకి, తొడలకి పట్టీలు,
అదొక్కటీ అలవాటే.
తాడు రెండో కొస నస్రీన్ పట్టింది.
పదిహేడేళ్ళుంటాయో లేదో, నలభై అయిదు కిలోలు.
నేను ఎనభై రెండు.
అందుకని ఆ పిల్ల నడుముకి ఇసుకమూట కట్టినారు.
గోడ మీద చెయ్యి పెట్టేముందు
నోరు దానంతటదే అనేసింది:
"ఎల్సీ ఇచ్చినారా?"
"అంటే ఏంది సార్?"

అంటే ఏందంటే, నస్రీన్,
సబ్‌స్టేషన్లో ఒకడు కరెంటు ఆపి
పుస్తకంలో నీ పేరు రాసి
నువ్వు దిగొచ్చి సంతకం పెట్టేదాకా
స్విచ్చి మీద ఎవరి చెయ్యీ పడనీడు.
అంటే ఏందంటే మద్దిలేటి.
పద్దెనిమిదేళ్ళ కిందట, గూడూరు ఫీడరు,
పుస్తకంలో వేరే లైను రాసినారు.

ఇదంతా చెప్పలేదు. చిన్నపిల్ల.
"తాడు పట్టుకున్నావా అని" అన్నా.
"పట్టుకున్నా సార్. ఎక్కండి."

నీలం ఎక్కబోయి నాలుగో రాయి కాడ జారినా.
స్తంభాన్నయితే వాటేసుకోవచ్చు,
గోడకి నడుముండదు.
జారినాక పడాల. పడలేదు.
గాల్లో ఊగుతా కిందికి చూస్తే
ఇసుకమూటతో సహా నస్రీన్ జానెడు నేల విడిచింది,
విడిచి, నవ్వుతా ఉంది.
నా సర్వీసంతా కింద నన్ను పట్టుకున్న మనిషి లేడు.
ఇంకా ఎంతసేపని అడిగినోళ్ళే కింద.

దిగి, సిగ్గిడిచి, పసుపు ఎక్కినా.
పక్క తాడు మీద ఎనిమిదేళ్ళోడు
"తాతా, ఎడమకాలు" అంటా దాటిపోయినాడు.
ఎడమకాలు వేసినా. సరిపోయింది.

రేకుల కింద, ఇనుప దూలం కాడ, ఆఖరి రాయి.
ముట్టుకుంటే అయిపోయినట్టంట.
చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపుతో తాకినా.
అరచేత్తో తాకితే కరెంటు గుప్పిట మూసేస్తుంది,
మాకు పెద్దోళ్ళు మొదటి దినం నేర్పేది అదే.
చల్లగుంది.
తెగిన తీగ లేదు, కాలిన జంపరు లేదు,
చీకట్లో గొణిగే వీధి లేదు.
దూలం మీద మిల్లు కాలం నాటి దుమ్ము,
అందులో ఒక శెనగపొట్టు.

కింద సుంకులమ్మ బెంచీ మీద
మెడ వెనక్కి వాల్చి, నోరు తెరిచి.
నేనెక్కేది ఆమె ఎప్పుడూ చూళ్ళేదు.
ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేది చూసింది, అంతే.

"పైన ఏముంది?" దిగినాక అడిగింది.
"ఏమీ లేదు."
"మరి అంతసేపుంటివే."

బయట చీకటి పడింది.
ఎస్టేటు రోడ్లో మూడో స్తంభం లైటు వెలగలేదు.
చూసినా. ఆమె కూడా చూసింది,
తర్వాత నా మొగం చూసింది.
నడిచినాం.